తొట్టి నీళ్ళ బాప్తిస్మం

రాయి మీద ఒక్క వరుస ఖాళీగా ఉంది. పోయినవారం నా ఉలి ఆగింది అక్కడే. పై వరుసలో కొత్త మందిరం ప్రతిష్ఠ తేదీ చెక్కేశాను. మధ్యలో ‘ఈ సంఘం ఆరంభం’ అన్న మూడు మాటలు కూడా చెక్కేశాను. వాటి పక్కన జానెడు నల్లరాయి నున్నగా, బోసిగా మిగిలింది. ఆ జానెడు చోట ఏం రాయాలో తేల్చలేక కమిటీ మూడు వారాలుగా కొట్టుకుంటోంది.

రాళ్ళ మీద అక్షరాలు చెక్కడం నా పని. మా అమ్మమ్మకు ఎనభై నాలుగేళ్ళు. ఒకప్పుడు పెద్దాస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికేది. అక్కడ ఉతికే పదకొండు మంది ఆడవాళ్ళు, పాస్టరన్నవాడి మొహం చూడకుండానే, ఆరేళ్ళపాటు ఆ లాండ్రీలోనే కూడి ప్రార్థన చేసుకున్నారు. మొదటి పాస్టరు వచ్చింది ఆ తరవాతే. ఆయన కొడుకే ఇప్పటి మన కార్యదర్శిగారు. సంఘం ఆరంభమైంది తన తండ్రి వచ్చిన రోజున అని ఆయన పట్టు. ఆ పట్టుకు ఊతంగా ఒక నియమం కూడా రాయించాడు. ఆ రోజుకు ముందు ఎవరు ఎక్కడ మునిగినా అది బాప్తిస్మం కాదట. అలాంటివాళ్ళు ఆదివారం అందరి ముందూ మళ్ళీ మునగాలట, లేదా రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదట. అలాంటివాళ్ళు అని బహువచనం వేశాడు గానీ, ఆ పదకొండు మందిలో బతికున్నది ఒక్కతే. మా అమ్మమ్మ.

ఆదివారం అంటే రేపు.

శనివారం పొద్దున పదింటికి మందిరం పక్కగదిలో కమిటీ కూర్చుంది. రాయి బరువు కాబట్టి మళ్ళీ మళ్ళీ మొయ్యలేక ఆ గదిలోనే రెండు బల్లల మీద పడుకోబెట్టాం. వాళ్ళు తేల్చగానే నేను అక్కడికక్కడే చెక్కెయ్యాలి. ఉలి, సుత్తి, సుద్దముక్క దగ్గర పెట్టుకుని రాయి పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పక్క హాల్లో పెయింటర్లు బెంచీలకు వార్నిష్ పూస్తున్నారు. టర్పెంటైను వాసన గదిలోకి గుప్పున కొడుతోంది. పొద్దున వాళ్ళు తుడుచుకోడానికి గుడ్డలేమైనా ఉన్నాయా అని అడిగితే, నా దగ్గరున్న మూట విప్పి దాదాపు అన్నీ తీసి ఇచ్చేశాను. ఆ మూట కార్యదర్శిగారి భార్య పంపింది. రాయి తుడుచుకోడానికి పాతగుడ్డలు అని చెప్పి, స్వయంగా నా షెడ్డుకు తెచ్చిచ్చి పోయింది. మాట తక్కువ మనిషి. అంత దూరం నడిచి రావడమే నాకు వింతగా అనిపించింది.

నాకోసం ఒక్క గుడ్డ ఉంచుకున్నాను. మందపాటి నూలుగుడ్డ, ఉతికి ఉతికి మెత్తబడింది. అంచున ఎర్రదారంతో కుట్టిన చిన్న నలుచదరం, దాని మధ్యలో ఒక చుక్క. గీతలు చూడడమే నా పని కాబట్టి కంట్లో పడింది. ఎవరో చిరుగు కుట్టుకున్నారు కాబోలనుకుని రాతిపొడి తుడుచుకుంటూ కూర్చున్నాను.

“వాక్యం స్పష్టంగా ఉంది,” అన్నాడు కార్యదర్శి. టీలో ముంచిన బిస్కెట్టు సగం తెగి కప్పులో పడింది. వేలు పెట్టి దాన్ని వెతుక్కుంటూనే మాట్లాడాడు. “సంఘం పుట్టింది పెంతెకొస్తు రోజున. మేడగదిలో శిష్యులు అప్పటిదాకా ప్రార్థన చేసుకున్నారు కదా, అయినా అది సంఘం కాలేదు. ఆత్మ దిగాలి, పేతురు లేచి ప్రసంగించాలి, మూడువేల మంది బాప్తిస్మం తీసుకోవాలి. అప్పుడే సంఘం. మన దగ్గరా అంతే. లాండ్రీలో జరిగింది ప్రార్థన. ప్రసంగం, బాప్తిస్మం మా నాన్నగారితో వచ్చాయి.”

వేలు నాకి, చొక్కాకి తుడుచుకున్నాడు. నేను రాయి వైపు తల తిప్పుకున్నాను.

“ఒప్పుకోను,” అన్నాడు లెక్కల మాస్టారు. రిటైరై పదేళ్ళయినా ఇంకా క్లాసులో ఉన్నట్టే వేలు ఎత్తి మాట్లాడతాడు. “దేవుడు అబ్రాహామును రమ్మని పిలిచిన రోజే సంఘం మొదలైందండీ. మోషే వెనక అరణ్యంలో నడిచినవాళ్ళు సంఘం కాక మరేమిటి? పెంతెకొస్తు రోజున జరిగింది పుట్టుక కాదు. ఉన్నదానికి బలం వచ్చింది. దేవుడు పిలిస్తే, పిలుపు విన్నవాడు లేచి కదిలితే, అదే సంఘం.”

నాకు ప్రాణం లేచొచ్చింది. పదకొండు మంది ఆడవాళ్ళూ పిలుపు విని లేచినవాళ్ళే కదా. మాస్టారి మాట నెగ్గితే అమ్మమ్మ రేపు నీళ్ళలో దిగక్కర్లేదు. సుద్దముక్క కూడా చేతిలోకి తీసుకున్నాను.

“అందుచేత,” అని సాగదీశాడు మాస్టారు, “మన ఊళ్ళో ఆ పిలుపు మొదట అందుకున్నదెవరో చూడాలి. మందిరానికి చోటు ఇవ్వాలని మా తాతగారి మనసులో ఎప్పుడు పడిందీ? లాండ్రీ కంటే కూడా ముందు. రాయి మీద ఆయన సంగతి వస్తే సరిపోతుంది.”

సుద్దముక్క కింద పెట్టేశాను.

మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. ఆయనదీ ఒక సిద్ధాంతం. ప్రభువు సముద్రం ఒడ్డున తిరుగుతూ పన్నెండు మందిని ఏరుకున్నాడే, సంఘం అప్పుడే నిలబడిందట. పెద్దలు లేని మంద సంఘం ఎలా అవుతుందని అడిగాడు. వినడానికి అదీ బాగానే ఉంది. నేనే ఈసారి తొందరపడి ఆశపెట్టుకోలేదు, అంతే. ఆయన చల్లగా ముగించాడు. “మన సంఘంలో మొట్టమొదటి పెద్దల జాబితా తీస్తే మొదటి పేరు మా నాన్నగారిది.”

అబ్రాహాము దగ్గర బయలుదేరినా, ఒడ్డున బయలుదేరినా, మేడగదిలో బయలుదేరినా, ముగ్గురూ తిన్నగా వెళ్ళి ఆగింది ఎవరింటి గుమ్మంలో వాళ్ళే. నాకు రోత పుట్టింది. ఆ సిద్ధాంతాల మీద కాదు. వాటి కోసం రాత్రింబవళ్ళు చదివి, ఏడ్చి, వాదించుకున్న మంచివాళ్ళు లోకంలో ఎంతమందో ఉంటారు. వీళ్ళు వాటిని పట్టుకున్న తీరు మీద. తినే కంచంలో చెప్పులు పెట్టినట్టుంది.

పాస్టరుగారు కుర్రాయన, వచ్చి ఏడాది కాలేదు. నెమ్మదిగా అన్నాడు. “ఈ మూడింటినీ నమ్మే విశ్వాసులున్నారండీ. పౌలు అన్యజనుల దగ్గరికి వెళ్ళినప్పటి నుంచే అనేవాళ్ళు కూడా ఉన్నారు. నా మట్టుకు నేను పెంతెకొస్తే అంటాను. కానీ దాన్ని పట్టుకుని ఒక పెద్దావిణ్ణి బల్ల దగ్గరి నుంచి…”

కార్యదర్శి ఆయన వైపు చూశాడు. అంతే. పాస్టరుగారు బిస్కెట్ల ప్లేటు సర్దడం మొదలుపెట్టాడు. పెంతెకొస్తును నిజంగా నమ్మే మనిషి ఆ గదిలో ఆయనొక్కడే, నోరు మూసుకున్నదీ ఆయనే. ఛీ అనుకున్నాను.

అప్పుడే గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. రావద్దని నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా వినకుండా అమ్మమ్మ వచ్చేసింది. వెనకే టీ ఫ్లాస్కుతో కార్యదర్శిగారి భార్య. ఆవిడే తీసుకొచ్చిందని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

ఎవరూ లేవలేదు. నా స్టూలు ఇచ్చి నేను రాయికి ఆనుకుని నిలబడ్డాను.

“రేపు నన్ను ముంచుతారటగా,” అంది అమ్మమ్మ. “మోకాళ్ళు వంగవు. ఎవరు పట్టుకుంటారో అడుగుదామని వచ్చాను.”

“బాధపడకండి పెద్దమ్మా,” అన్నాడు కార్యదర్శి. గొంతులో తేనె పోసుకున్నాడు. “మీ మంచికే. మీకు బాప్తిస్మం ఎవరిచ్చారో రిజిస్టరులో లేదు. తేదీ కూడా లేదు. ఖాళీ.”

“రిజిస్టరు అప్పటికి లేదు నాయనా.”

“మరి ఎక్కడ తీసుకున్నారు?”

“జాడించే తొట్టిలో.”

మందుల షాపాయన ముక్కు మీద రుమాలు పెట్టుకున్నాడు. అరవై ఐదేళ్ళ కిందటి తొట్టి వాసన ఇప్పుడు వచ్చిందేమో మరి. కార్యదర్శి దాచుకోలేదు కూడా. “ఆస్పత్రి దుప్పట్లు జాడించిన నీళ్ళలోనా? చీము, నెత్తురు… అందులో బాప్తిస్మమా? తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. దాన్నా సంఘం అనమంటారు?”

నా చేయి సుత్తి మీదికి పోయింది. అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుంది.

“నీళ్ళు మూడుసార్లు మార్చాం,” అంది. “సోడా వేసి రుద్దాం. అయినా నువ్వేం చీదరించుకుంటావులే బాబూ. నువ్వు పుట్టింది ఆ ఆస్పత్రిలోనే. నీ కింద పరిచిన దుప్పటి నేనే ఉతికాను. ఆ మూట విప్పినప్పుడు నేను ముక్కు మూసుకోలేదు.”

లెక్కల మాస్టారికి దగ్గొచ్చింది. దగ్గో నవ్వో మరి. కార్యదర్శి చెవులు ఎర్రబడ్డాయి.

“పాస్టర్ల కోసం మేం అడగలేదనుకున్నావా? నాలుగేళ్ళు అడిగాం. ఒకాయన గేటు దాకా వచ్చి అంటురోగాల గుడ్డలు చూసి తిరిగిపోయాడు. ఇంకొకాయన, మీరు వేరే పని చూసుకుని రండి, అప్పుడు చూద్దాం అన్నాడు. మా దగ్గర వాసనొస్తుందని గుడిలో బెంచీ చివర కూడా కూర్చోనివ్వలేదు. ఇంక ఎవరూ రారని తెలిశాక మేమే దిగాం.”

“ఎవరు ఎవరికిచ్చారు?” అన్నాడు పాస్టరుగారు. ఈసారి నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. “మొదట ఇచ్చినావిడకు ఎవరివ్వాలి మరి?”

“అదే కదా మా గొడవా! వారంరోజులు తన్నుకున్నాం. నువ్వివ్వంటే నువ్వివ్వని. నాకు లేనిది నీకెలా ఇస్తాననీ. ఆఖరికి ఇద్దరిద్దరం దిగాలనుకున్నాం. తొట్టి వెడల్పేగా. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ప్రభువు పేరు చెప్పుకుని, ఒక్కసారే మునిగి ఒక్కసారే లేవడం. ఎవరు ముందన్న మాటే లేదు. అలా పదిమందీ అయిదు జతలు. మిగిలింది నేను. చిన్నదాన్ని, పంతొమ్మిదేళ్ళు. బేసి సంఖ్య అని ఎవరికీ తట్టలేదు. లెక్క రాదుగా మాకు.”

ఆమె నవ్వింది. ఈ కథ నాకు కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. తొట్టి సంగతి చెప్పింది, జతల సంగతి చెప్పలేదు.

“నువ్వు ఎవరితో మునిగావు మరి?” అన్నాను నేనే.

“బాయిలరు మనిషితో.”

పక్క హాల్లో బెంచీ మీద గుడ్డ రుద్దుతున్న శబ్దం వినిపిస్తోంది.

“నీళ్ళు కాచే బాయిలరు దగ్గర బొగ్గు వేసేవాడు. రెండేళ్ళుగా తలుపు చాటున నిలబడి మా ప్రార్థన వింటున్నాడు. ఆ రోజు నేను తొట్టి దగ్గర ఒక్కదాన్నే నిలబడి ఏడుస్తుంటే, నాకూ ఎవరూ లేరు, నేనూ దిగుతానన్నాడు. ఒళ్ళంతా మసి. అతను దిగాక నీళ్ళు మళ్ళీ మార్చాల్సొచ్చింది.” అమ్మమ్మ కార్యదర్శి మొహంలోకి చూసింది. “మీ నాన్నే నాయనా.”

కార్యదర్శి లేచి నిలబడ్డాడు. “అబద్ధం! మా నాన్నగారు పాస్టరు చదువుకు వెళ్ళిన చోట బాప్తిస్మం తీసుకున్నారు!”

“అక్కడ చేర్చుకునేటప్పుడు బాప్తిస్మం ఉందా అని అడిగారట. ఉందన్నాడట. ఎక్కడ అని వాళ్ళు అడగలేదట, ఇతను చెప్పలేదట. రెండేళ్ళకు కోటు వేసుకుని వచ్చి నాతోనే చెప్పి నవ్వాడు. మంచివాడే. కాస్త భయస్తుడు. తొట్టి మాట నలుగురిలో ఎప్పుడూ ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు, పోనీలే, మనవాడే కదా అని.”

మాస్టారు వేళ్ళు మడుస్తున్నాడు. లెక్క ఆయనకు అందరికంటే ముందు తెగింది. “అంటే,” అన్నాడు సన్నగా, “ఆవిడది చెల్లకపోతే ఆయనది చెల్లదు. ఇద్దరిదీ ఒకటే మునక. ఆయనది చెల్లకపోతే… నాకిచ్చింది ఆయనే కదండీ.”

“నాకూ ఆయనే,” అన్నాడు మందుల షాపాయన. రుమాలు ముక్కు మీంచి జారి ఒళ్ళో పడింది.

ఆ మొహాలు చూడాలి మీరు. పది నిమిషాల కిందట ఒక ముసలావిడ బాప్తిస్మాన్ని మురుగులో పారేసి నిశ్చింతగా టీ తాగినవాళ్ళే. అదే మురుగు తమ కాళ్ళ దాకా వచ్చేసరికి కుర్చీల్లో కాళ్ళు పైకి లాక్కున్నంత పని చేశారు. న్యాయం కోసం కాదు, ఎవరి తడి వాళ్ళు చూసుకోవడం. అంతకు ముందు వేసిన అసహ్యం ఒకెత్తు, ఇది ఒకెత్తు.

“సాక్ష్యం?” అన్నాడు కార్యదర్శి. చెమట పట్టినా గొంతు తగ్గలేదు. “ఈ వయసులో ఎవరైనా ఏమైనా చెబుతారు. చూసినవాళ్ళంతా పోయారు. కాగితం ఉందా? సంతకం ఉందా?”

“మాకు చదువెక్కడిది?” అంది అమ్మమ్మ. “కానీ గుర్తులుండేవి. ఏ మూట ఎవరు ఉతికారో తెలియాలని దుప్పటి అంచున ఎర్రదారంతో ఎవరి గుర్తు వాళ్ళు కుట్టేవాళ్ళం.” నా వైపు తిరిగింది. “నాది నీకు తెలుసుగా.”

తెలియకేం. మూడు నిలువు కుట్లు, పైన ఒక అడ్డకుట్టు. చిన్నప్పుడు నా గౌన్ల మీద, పలక సంచీ మీద, దిండు మీద అదే. అక్షరాలకంటే ముందు నేను నేర్చుకున్న గీత అది.

“ఆ రోజు ఒక కొత్త దుప్పటి తీసుకుని, మునిగి లేచినవాళ్ళం మునిగినట్టే అంచున వరసగా గుర్తులు కుట్టాం. మా రిజిస్టరు అదే. పదకొండూ మావి. పన్నెండోది అతనికి. అతను ఉతికేవాడు కాదుగా, గుర్తు లేదు. నేనే కుట్టాను. బాయిలరు తలుపులాగా ఒక నలుచదరం, లోపల నిప్పు ఉంటుంది కదా అని మధ్యలో ఒక చుక్క.”

నా బొటనవేలి కింద ఎర్రదారం గరుగ్గా తగిలింది.

నేను కిందికి చూడలేదు. చూడక్కర్లేదు. పొద్దుటి నుంచి నేను రాతిపొడి తుడుస్తున్నది దానితోనే. ఉమ్మి కూడా వేశాను ఒకసారి, సుద్దగీత చెరపడానికి.

“ఆ దుప్పటి మీ నాన్న అడిగి తీసుకున్నాడు,” అంటోంది అమ్మమ్మ. “పెట్టెలో అడుగున దాచుకుంటానన్నాడు. దాచుకున్నాడు కూడా. పోయే ముందు రోజు నాకు చెప్పాడు, ఉంది అని.”

“మా ఇంట్లో అలాంటి దుప్పటేమీ లేదు!” అన్నాడు కార్యదర్శి. అతి త్వరగా అన్నాడు. అని, అలవాటుగా భార్య వైపు చూశాడు, ఔననమన్నట్టు. ఆవిడ ఔననలేదు. ఆవిడ చూపు నా చేతి మీదుంది. భార్య చూపు వెంట ఆయన చూపూ వచ్చింది.

గుడ్డను గుర్తుపట్టాడు. మొహంలో రక్తం దిగిపోయింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆయనకు మొదటి నుంచీ అంతా తెలుసు. తొట్టి తెలుసు, జత తెలుసు, తండ్రి దాచుకున్న దుప్పటి తెలుసు. తెలిసే నియమం రాయించాడు. తెలిసే ఎనభై నాలుగేళ్ళ మనిషిని ఊరందరి ముందూ ముంచబోతున్నాడు. మనిషి మీద నాకు అంత అసహ్యం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు, ఆయన పీల్చి వదిలిన గాలి పీల్చడానికి కూడా మనసొప్పలేదు.

చేయి చాపాడు. “ఆ గుడ్డ ఇటివ్వు అమ్మాయ్.”

“ఇవ్వకు.”

అన్నది ఆయన భార్య. ఆ కమిటీకి పదిహేనేళ్ళుగా టీ పోస్తున్న ఆవిడ గొంతు వాళ్ళు వినడం బహుశా అదే మొదలు. ఫ్లాస్కు రాయి మీద పెట్టింది, సరిగ్గా ఆ ఖాళీ జానెడు మీద.

“ముక్కలు చేసి కాల్చెయ్యమన్నారు,” అంది, భర్తతో కాదు, మా అమ్మమ్మతో. “ముక్కలు చేశాను పిన్నిగారూ. ఒక్క కుట్టు కూడా తెగకుండా చేశాను. కాల్చలేదు. గుర్తులు చదవడం వచ్చిన మనిషి ఈ ఊళ్ళో మీ మనవరాలే కదా, చూస్తుందిలే అని తెచ్చిచ్చాను. పన్నెండూ ఆ మూటలోనే ఉన్నాయి.”

అమ్మమ్మ రెండు చేతులూ నా వైపు చాపింది. ఆమె కళ్ళలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. “తియ్యవే. నాది తియ్యి. ఒక్కసారి చూడనీ.”

నా కాళ్ళ దగ్గర మూటగుడ్డ ఖాళీగా, చదునుగా పడి ఉంది. గుమ్మంలోంచి హాల్లో పెయింటర్లు కనిపిస్తున్నారు. మోకాళ్ళ మీద కూర్చుని, డబ్బాలో ముంచి తీసి, మోచేతుల దాకా గోధుమరంగుతో, నేను పొద్దున పంచిపెట్టిన గుడ్డలతో బెంచీలు గట్టిగా రుద్దుతున్నారు.